గోడను కత్తిరించి వేసిన ఫొటో గురించి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ లోపలి పేజీలో ఒక చిన్న వార్త చూశాను. ఎక్కడో విదేశాల్లో ఏమీ గీయని తెల్ల కాన్వాస్‌ను కోట్లు పెట్టి కొన్నారని రాసి, పక్కన అగ్గిపెట్టె అంత తెల్ల డబ్బా ఒకటి ఫొటోగా వేశారు. పేపర్ తెలుపులో ఆ తెలుపు కలిసిపోయింది, చుట్టూ సన్న గీత లేకపోతే అక్కడ ఫొటో ఉందనే తెలిసేది కాదు. మా ఫ్యాక్టరీ ముందు టీ తాగేవాళ్లంతా అది చదివి నవ్వుకున్నారు, సాయంత్రానికి అదే వార్తను ముగ్గురు నాకు వాట్సాప్‌లో పంపారు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాగలేదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదైనా దయచేసి కోత పెట్టకుండా వేయండి.

నాది ఎర్రగుంట్ల. ఇరవై ఆరేళ్లుగా నాపరాయి కోయించి, పాలిష్ పట్టించి అమ్ముతున్నాను. బయటి ఊళ్లలో కడప బండ అంటారే, అదే. పొద్దున లేస్తే నల్లరాయి, రాత్రి పడుకునేదాకా నల్లరాయి, మా ఒంటి మీద చెమటతో కలిసి దిగే బురద కూడా ఆ రంగే. అందుకే ఒకే రంగుతో చేసిన పనిని చూసి "ఇందులో ఏముంది" అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. ఒకే రంగులో ఎంత ఉంటుందో మా దగ్గర పనిచేసే కూలీ పిల్లోడిని అడిగినా చెప్తాడు.

ముందు మీ ఫొటో సంగతి. మీరు ఆ కాన్వాస్ చుట్టూ ఉన్న గోడను కత్తిరించేశారు. అట్లాంటి పనికి గోడను తీసేస్తే ఇంక మిగిలేదేమీ లేదు, ఎందుకంటే సగం పని గోడే చేస్తుంది. రాబర్ట్ రైమన్ అని అమెరికా చిత్రకారుడు ఒకాయన ఉండేవాడు, 2019లో పోయాడు. సాక్సఫోన్ వాయించి బతుకుదామని న్యూయార్క్ వచ్చి, 1953 నుంచి 1960 దాకా అక్కడి మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో గార్డు ఉద్యోగం చేస్తూ, అక్కడి బొమ్మల మధ్య రోజూ నిలబడి నిలబడి తనే చిత్రకారుడయ్యాడు. జీవితమంతా దాదాపు తెల్లరంగుతోనే పని చేశాడు. చాలామంది చిత్రకారులు మేకును, కొక్కేన్ని కనపడకుండా దాచేస్తారు. ఈయన తన బొమ్మను గోడకు పట్టి ఉంచే క్లిప్పులను, బోల్టులను, టేపును కూడా బొమ్మలో భాగం చేశాడు. ఆ తెలుపు ఎక్కడ ఆగింది, గోడ తెలుపు ఎక్కడ మొదలైంది, ఈ పక్క కిటికీ నుంచి వెలుతురు పడితే రెండింటిలో ఏది ముందుకొస్తుంది, చూడాల్సింది అది. బండను గోడకు బిగించే పని తెలిసినవాడికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది, ఎందుకంటే క్లాంపు ఎక్కడ వేశామన్నదాన్ని బట్టి ఆ బండ గోడలో కలిసిందా, గోడ మీద వేలాడుతోందా అన్నది కంటికి తెలిసిపోతుంది.

ఇంకొకటి చెప్తాను. మాలెవిచ్ అనే రష్యా చిత్రకారుడు 1915లో పెట్రోగ్రాడ్‌లో ఒక ప్రదర్శనలో తెల్ల కాన్వాస్ మీద నల్ల చదరం వేసి పెట్టాడు. దాన్ని మిగతా బొమ్మల వరసలో పెట్టలేదు, రెండు గోడలు కలిసే మూలలో పైకప్పుకు ఆనుకునేట్టు పెట్టాడు. రష్యన్ల ఇళ్లలో దేవుడి పటం పెట్టుకునేది సరిగ్గా ఆ మూలలోనే. మన ఇళ్లలో ఈశాన్యం మూల దేవుడి గూట్లో పటం తీసి నల్ల బండ ఒకటి పెడితే ఇంటికొచ్చిన పెద్దవాళ్లు ఎట్లా ఉలిక్కిపడతారో ఆలోచించండి. ఆ నల్ల చదరం ఒక్కదాన్ని కత్తిరించి పేపర్లో వేస్తే అది ఉత్త నల్ల చదరమే. ఆ ప్రదర్శన ఫొటో ఒకటి మిగిలింది కాబట్టి, అందులో ఆ మూల కనిపిస్తోంది కాబట్టి, ఆయన ఏం చేశాడో నూరేళ్ల తర్వాత మనకు తెలుస్తోంది. ఆయనే 1918లో తెలుపు మీద తెల్ల చదరం వేశాడు, కొంచెం వంకరగా. రెండు తెలుపుల్లో ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటుంది.

ఇవన్నీ నాకు ఎట్లా తెలుసనేది చెప్పాలి. మా వీధిలో ఒక పాప ఫైన్ ఆర్ట్స్ చదివింది. రెండేళ్ల కింద ఒకరోజు ఫ్యాక్టరీకి వచ్చింది. "చిన్నాయనా, నాకు కొత్త బండలు వద్దు, నేలలో ఉన్న బండకే పాలిష్ పెట్టించాల, అది కూడా ఒక ముక్కకు మాత్రమే" అంది. కడప టౌన్‌లో ఒక పాత బిల్డింగ్ వరండా అది. బిల్డింగ్ పేరు రాయను, అక్కడ పనిచేసే వాళ్లెవరినీ ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. నలభై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పడమటి ముఖం, రోడ్డు వైపు లావుపాటి సున్నపు కంబాలు. నేల అంతా మన నాపరాయే. కాళ్లు అరిగించీ అరిగించీ బూడిద రంగుకు తిరిగిపోయింది.

సంక్రాంతి రోజు సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి, మూడో కంబం నీడ నేలమీద ఈ చివర నుంచి ఆ చివరకు పడుతుంది. ఆ పాప ముందు ఏడాది సంక్రాంతికే సుద్దముక్కతో ఆ నీడ అంచులు గీసుకుని, కొలతలు రాసుకుని పెట్టుకుంది. అడుగు వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు, వంకరగా ఒక పట్టె. ఆ పట్టెకు మాత్రమే, బండ ఎత్తకుండా, ఉన్నచోటే పాలిష్ పెట్టాలి. చుట్టూ ఏమీ ముట్టుకోకూడదు, రంగు వేయకూడదు, గీత గీయకూడదు.

బండల పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. నాపరాయికి పాలిష్ పెట్టామంటే రంగు వేశామని కాదు. రాయి పైన గరుకు ఉన్నంతసేపు మీద పడిన వెలుతురు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది, అందుకే కంటికి బూడిదలా కనిపిస్తుంది. నంబరు పెరిగేకొద్దీ నున్నగా ఉండే పాలిష్ రాళ్లు మార్చుకుంటూ, అరవై నంబరు నుంచి ఎనిమిది వందలు దాటి పోయేదాకా రుద్దితే గరుకంతా పోయి వెలుతురు ఒకే దిక్కుకు మళ్లుతుంది, అప్పుడు ఆ లోపలి నలుపు బయటపడుతుంది. రాయి అదే, రంగు అదే. బూడిద బండ మీద చెంబెడు నీళ్లు పోసి చూడండి, నల్లగా అయిపోతుంది, ఆరగానే మళ్లీ బూడిద. ఈ రాయి ఎంత సున్నితమో వంటింట్లో ఆడవాళ్లకు బాగా తెలుసు, గట్టు మీద నిమ్మకాయ కోసి రసం తుడవడం మరిచిపోతే తెల్లారేసరికి తెల్ల మచ్చ కూర్చుంటుంది, ఎంత కడిగినా పోదు. సున్నపురాయి కదా, పులుపు దాన్ని తినేస్తుంది.

మా దగ్గర పాలిష్ మిషన్ పట్టే పిల్లోడిని పంపించాను. మొదటిరోజు వాడు విసుక్కుంటూ వచ్చాడు. "ఏందన్నా ఇది, ఇంత పెద్ద వరండాలో ఇంత పట్టెకు పాలిష్ ఏంది, మిగతాది ఎవరు పెడతారు?" మూడు రోజులు పట్టింది. చేతి మిషన్ గుండ్రంగా తిరుగుతుంది, ఆ అంచు తిన్నగా రావాలంటే చివరి అంగుళం చేత్తోనే రుద్దాలి. ఆ అంచు దగ్గర పాప కూడా వాడి పక్కన కూర్చుని రుద్దింది.

సంక్రాంతి రోజు నేను, ఆ పిల్లోడు, పాప, వాళ్లమ్మ, నలుగురమే వెళ్లాం. సెలవు కదా, బిల్డింగ్‌లో ఎవరూ లేరు. నాలుగు గంటలకు ఆ పట్టె ఒక పక్క, కంబం నీడ ఒక పక్క ఉన్నాయి, రెండూ నల్లగా, మధ్యలో ఎండ ముక్క. ఆ ఎండ ముక్క సన్నబడుతూ సన్నబడుతూ పోయింది. నాలుగున్నరకు నీడ వచ్చి ఆ పట్టెలో కూర్చుంది. కూర్చుంది అనే మాటే నాకు తోస్తోంది, ఇంకో మాట రావడం లేదు. ఏది రాయో ఏది నీడో తెలియకుండా పోయింది, ఒక నిమిషం పాటు ఆ వరండాలో ఎవరూ ఏమీ చేసినట్టే లేదు. తర్వాత నీడ మెల్లగా జరిగిపోయింది, పట్టె అక్కడే ఉండిపోయింది. మిషన్ పట్టిన పిల్లోడు చెప్పులు విప్పేసి ఆ పట్టె చుట్టూ నడిచాడు, దాన్ని తొక్కలేదు.

పొద్దున పూట చూస్తే ఇంకోరకం. మెట్ల దగ్గర నిలబడి చూస్తే ఆ పట్టెలో ఆకాశం కనిపిస్తుంది, అంటే నల్లగా ఉండాల్సింది తెల్లగా మెరుస్తుంది. గోడ వైపు నుంచి చూస్తే ఏమీ తెలియదు, ఎవరో నీళ్లు ఒలకబోసినట్టు ఉంటుంది. ఒక ముసలాయన రోజూ ఆ తడి అనుకున్నదాన్ని దాటుకుంటూ పోయేవాడట. నవంబరు చివర్లో మరోసారి ఎండ అదే వాలుకు వస్తుంది, గడియారంలో మాత్రం ఓ ఇరవై నిమిషాలు ముందు, అప్పుడు కూడా వెళ్లి చూశాను.

ఆ సమయంలోనే ఆ పాప నాకు ఫోన్‌లో యాడ్ రైన్‌హార్ట్ అనే అమెరికా చిత్రకారుడి బొమ్మలు చూపించింది. ఆయన 1960 నుంచి 1967లో చనిపోయేదాకా ఒకే సైజు నల్ల బొమ్మలు వేశాడు, అయిదడుగులకు అయిదడుగులు, మనిషి చేతులు చాచినంత. చూడగానే ఉత్త నలుపు. ఎదురుగా కాసేపు నిలబడితే కళ్లు అలవాటుపడి ఎర్రటి నలుపు, నీలపు నలుపు, పచ్చటి నలుపు విడివిడిగా తేలి, తొమ్మిది చదరాలు, మధ్యలో అడ్డంగా నిలువుగా ఒక గుర్తు కనపడతాయి. రంగులోంచి నూనె తీసేసి మెరుపు లేకుండా వేశాడు కాబట్టి ఎవరైనా వేలు పెడితే ఆ మరక పోదు. మా స్టాక్ యార్డులో ఏ క్వారీ బండ ఏదో మేం నలుపును చూసే చెప్తాం, ఒకటి నీలం కొడుతుంది, ఒకటి బూడిద కొడుతుంది. ఆయన బొమ్మ ఎదుట నిలబడే భాగ్యం నాకు లేదు, ఫోన్‌లో అది నల్ల డబ్బానే. అయినా ఆయన దేనికోసం వెతికాడో నాకు అర్థమైనట్టే ఉంది. మన దేశంలో నాగ్‌పూర్‌లో పుట్టిన గాయ్‌తోండే ఇట్లాగే ఒకే రంగు పొరల మీద పొరలు రోలర్‌తో, పాలెట్ కత్తితో పట్టించి, ఏడాదికి కొన్ని బొమ్మలు మాత్రమే చేసేవాడు.

ఇప్పుడు అసలు బాధ. అనుమతి ఇచ్చిన పెద్దమనిషి బదిలీ మీద వెళ్లిపోయారు. అనుమతి నోటిమాటే, కాగితం లేదు. అక్కడ బోర్డు పెట్టమని నేను ఎంత చెప్పినా పాప వినలేదు, బోర్డు పెడితే జనం బోర్డు చదివి పోతారు, నేలను చూడరు అంది. పోయిన ఎండాకాలం బిల్డింగ్‌కు రిపేర్లు పెట్టి, వరండా అంతా క్రీమ్ రంగు మెరుపు టైల్స్ అతికించారు. గోడలకు కింద ఊదా, పైన పసుపు. నాకు తెలిసేసరికి వారం దాటింది. పరిగెత్తుకుని వెళ్తే సిమెంటు వాసన ఇంకా పోలేదు, మూడో కంబం దగ్గర నిలబడితే కాళ్ల కింద నా మొహమే కనిపిస్తోంది.

ఎవరినీ తిట్టను. వాళ్లకు తెలియదు. పని చేసిన బేల్దారిని వెతికి పట్టుకుని అడిగాను, పాత బండ ఏం చేశారని. "తీయలేదు సామీ, దాని మీదనే అతికించినాం, గరుకు బండ కదా బాగా పట్టుకుంటాది. ఒక్క చోట మాత్రం నున్నగా ఉన్న్యాది, ఆడ అంటుకోదని ఉలితో గాట్లు కొట్టినాం" అన్నాడు. నలభై అడుగుల నేలలో ఉలి తగిలింది ఆ పట్టెకు మాత్రమే. ఇంటికొచ్చి పాపకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గాట్లు అంచుదాకా కొట్టినారా చిన్నాయనా, అంచు దాటినారా?" అని అడిగింది. మళ్లీ వెళ్లి ఆ బేల్దారినే అడిగాను. నున్నగా ఉన్నంతమేరే కొట్టానని చెప్పాడు. అంటే ఆ నీడ ఆకారం ఇప్పుడు ఉలిగాట్లుగా టైల్స్ కింద ఉంది.

మీరు ఫొటోలో గోడను కత్తిరించడం, అక్కడ నేల మీద టైల్స్ వేయడం, నాకు రెండూ ఒకటే తప్పుగా కనిపిస్తున్నాయి. రెండుచోట్లా పని వేరే, చోటు వేరే అనుకున్నారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో రోత్‌కో చాపెల్ అని ఉంది, రోత్‌కో అనే చిత్రకారుడి బొమ్మలతో కట్టిన ప్రార్థన మందిరం, 1971లో తెరిచారు. ఎనిమిది గోడల గది, పద్నాలుగు పెద్ద కాన్వాసులు, అన్నీ నలుపుకు దగ్గరగా ఉండే ముదురు ఊదా రంగులు. రోత్‌కో వాటిని న్యూయార్క్ స్టూడియోలో అక్కడి వెలుతురుకు వేశాడు, తెరిచే ముందు ఏడాదే చనిపోయాడు. టెక్సాస్ ఎండ వేరు, మన ఎండలాగా కొట్టి చంపే ఎండ. పైకప్పు అద్దంలోంచి అది పడితే ఆ రంగులు కనపడకుండా పోయాయి. దానికి వాళ్లు బొమ్మలు మార్చలేదు, పైకప్పు మీద పని చేశారు, వెలుతురుకు అడ్డం కట్టారు, మళ్లీ మార్చారు, 2020లో కూడా కొత్తగా సరిచేసి తెరిచారు. యాభై ఏళ్లు ఒక గది వెలుతురు కోసం పడ్డ తిప్పలు అవి.

ఇదంతా విదేశాల పిచ్చి, మనకెందుకు అనేవాళ్లు ఒక్కసారి గండికోటకు వెళ్లి, లోయ అంచున కాకుండా దూరంగా నిలబడి చూడండి. పెన్న కోసిన ఆ ఎర్రటి కొండ ఎక్కడ అయిపోయింది, దాని మీద మనిషి కట్టిన గోడ ఎక్కడ మొదలైంది, సాయంత్రం ఎండలో వేలు పెట్టి చూపించలేరు. అదే రాయి, అదే రంగు. మా జేజి ఊరిలో మిద్దెలు కూడా అంతే, గోడకు నాపరాయి, పైన పరిచింది నాపరాయి, దాని మీద చౌడు మన్ను, ఊరంతా ఆ నేల రంగులోనే ఉండేది, పొద్దుగూకే వేళ పొలం నుంచి వస్తుంటే దీపం వెలిగితేనే ఊరు వచ్చిందని తెలిసేది. ఒకే రంగులో తేడా పట్టే కన్ను మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు ప్రతి గోడకూ నాలుగు రంగులు కొట్టి ఆ కన్ను మనమే పోగొట్టుకుంటున్నాం. ఇది మాత్రం కోపంతోనే రాస్తున్నా.

మీకు రెండు విన్నపాలు. అట్లాంటి బొమ్మల గురించి మళ్లీ రాసేటప్పుడు గోడతో, కిటికీతో, వీలైతే పక్కన నిలబడ్డ మనిషితో కలిపి ఫొటో వేయండి, జాగా చాలకపోతే వార్త తగ్గించండి. రెండోది, పాత బిల్డింగ్‌లకు రిపేర్లు చేసే ముందు ఏ నేల, ఏ గోడ, ఏ కంబం ఎట్లా ఉందో ఫొటోలతో ఒక కాగితం ఫైల్లో పెట్టాలని మీరు రాయాలి. సోల్ లెవిట్ అనే ఆయన 1968 నుంచి గోడల మీద నేరుగా బొమ్మలు వేయించాడు. ఎట్లా వేయాలో కాగితం మీద రాసిస్తాడు, పనివాళ్లు వేస్తారు, ప్రదర్శన అయిపోతే గోడకు రంగు కొట్టేస్తారు. ఆయన 2007లో పోయాడు, కాగితం ఉంది కాబట్టి ఇవాళ్టికీ ఆ బొమ్మలు మళ్లీ గోడల మీదికి వస్తున్నాయి. మన కడపలోనే 2020 నుంచి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ రెండూ కలిపి చెప్పే యూనివర్సిటీ ఉంది. ఆ పిల్లలను పంపించి కొలతలు తీయిస్తే వాళ్లకూ చదువు, మనకూ కాగితం.

ఆ వరండా ఉన్న ఆఫీసు వాళ్లు ఈ ఉత్తరం చదివితే ఏ వరండానో వాళ్లకు తెలుస్తుంది. ఇవాళ కాకపోతే పదేళ్లకైనా ఆ టైల్స్ పగిలి మార్చాల్సి వస్తుంది. ఆ రోజు నాకు కబురు పెట్టండి. మిషన్లు, మనుషులు నేనే పంపిస్తాను, ఒక్క పైసా వద్దు. మూడో కంబం దగ్గర మాత్రం ఎవరినీ గడ్డపార పెట్టనివ్వకండి, అక్కడ నేను దగ్గరుండి తీయిస్తాను.

— ఒక బండల వ్యాపారి, ఎర్రగుంట్ల, కడప జిల్లా